విశాఖలో పర్సనల్ ట్రైనర్‌ని ఎంచుకోవడం: డబ్బు కట్టే ముందు చూడాల్సినవి, అడగాల్సినవి

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఒక ఏడాది హనుమంతవాక జంక్షన్ దాకా వచ్చేసరికి నా ఎడమ మోకాలు మొరాయించింది. ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను. మరుసటి ఏడాది ఎలాగైనా పూర్తి చేయాలని, ఆషాఢ పౌర్ణమికి ఇంకా ఐదు నెలలుందనగా జిమ్‌లో చేరి, పర్సనల్ ట్రైనింగుకి కూడా డబ్బు కట్టాను.

నాకు అప్పగించిన అబ్బాయి భుజాలు గుమ్మానికి అడ్డం పడేంత వెడల్పు. పేరు అడిగాడు, బరువు అడిగాడు. ఎందుకొచ్చారని మాత్రం అడగలేదు. మొదటి రోజే లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచి లేచే కసరత్తు) 60, ఆపైన లెగ్ ప్రెస్. "నో పెయిన్ నో గెయిన్ మేడమ్" అంటూనే ఫోన్లో రీల్స్ చూసుకున్నాడు. ఆ తర్వాత నాలుగు రోజులు మా అపార్ట్‌మెంటు మెట్లు రెయిలింగ్ పట్టుకుని పక్కకు తిరిగి దిగాను. ఆ జిమ్ పేరు ఇక్కడ అక్కర్లేదు. సగం తప్పు నాదే, నేనూ భుజాలు చూసే కట్టాను.

తర్వాతి ట్రైనర్‌ని వెతుక్కోవడానికి మూడు వారాలు పట్టింది. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మద్దిలపాలెం, అటు మధురవాడ దాకా తిరిగాను. అప్పుడు ఏ వరసలో చూస్తే పని తేలికయ్యేదో ఇప్పుడు తెలుసు. ఆ వరసలోనే చెబుతాను.

ముందు మీకేం కావాలో కాగితం మీద రాసుకోండి

"ఫిట్‌గా ఉండాలండీ" అంటే ట్రైనర్‌కి ఏమీ చెప్పనట్టే. పోలీసు కానిస్టేబుల్ ఫిజికల్ టెస్టుకి 1600 మీటర్లు పరిగెత్తాల్సిన కుర్రాడిది ఒక అవసరం. షుగరు బార్డర్‌లో ఉన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగిది ఇంకొకటి. ప్రసవమై ఆరు నెలలైన అమ్మాయిది, స్టేజీ ఎక్కి కండలు చూపించాలనుకునే వాడిది మళ్లీ వేరు. నలుగురికీ ఒకే ట్రైనర్ సరిపోడు, సరిపోతానన్నవాడిని నేనైతే నమ్మను.

ఒక పేజీ చాలు. ఏం కావాలి, ఎప్పటికి కావాలి, వారంలో ఎన్ని రోజులు రాగలరు, ఎక్కడెక్కడ నొప్పులున్నాయి, పాత దెబ్బలు, ఆపరేషన్లు, వాడుతున్న మందులు. నా పేజీలో మొదటి వాక్యం "32 కిలోమీటర్లు నడవాలి, ఆటో ఎక్కకుండా". ఈ కాగితం చూపించినప్పుడు ట్రైనర్ చదువుతాడా, మడిచి పక్కన పెట్టేస్తాడా అన్నది కూడా ఒక పరీక్షే.

డాక్టరు మాట

బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టు అనిపించేవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు, గర్భిణులు, ఈమధ్య ఆపరేషనైనవాళ్లు ముందు డాక్టరుని కలవాలి. కేజీహెచ్ ఓపీ అయినా, మీ వీధి చివర ఫ్యామిలీ డాక్టరైనా సరే. "జిమ్ చేయొచ్చా" అని మాత్రమే అడగొద్దు. "ఏవి చేయకూడదు" అని అడిగి చీటీ మీద రాయించుకోండి.

మందుల సంగతి చాలామంది ట్రైనర్‌కి చెప్పరు. బీపీకి ఎటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి వాడుతుంటే ఎంత కష్టపడినా నాడి అంతగా పెరగదు. అది తెలియని ట్రైనర్ వాచీ చూసి "హార్ట్ రేట్ ఇంకా రాలేదు, స్పీడు పెంచండి" అంటాడు. ఇన్సులిన్ గానీ, షుగరు బాగా దించే కొన్ని మాత్రలు గానీ తీసుకునేవాళ్లకి కసరత్తు మధ్యలో షుగరు పడిపోవచ్చు. వాళ్ల బ్యాగులో గ్లూకోజు ఉండాలి, ఆ సంగతి ట్రైనర్‌కి తెలిసుండాలి.

మంచి జిమ్‌లలో చేరేటప్పుడే పార్-క్యూ ప్లస్ అనే ప్రశ్నపత్రం ఇస్తారు. మొదటి పేజీలో ఏడు ఆరోగ్య ప్రశ్నలుంటాయి. ఒక్కదానికి "అవును" అని జవాబు వచ్చినా ఇంకా లోతుగా అడుగుతారు, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపుతారు. మీకు అలాంటి కాగితం ఏదీ ఇవ్వకుండా నేరుగా ట్రెడ్‌మిల్ ఎక్కించారంటే ఆ జిమ్ పద్ధతి అర్థమైపోయినట్టే.

అరగంట ఒక మూల నిలబడి చూడండి

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఈ అరగంటే. మీరు రోజూ వెళ్లబోయే టైముకే వెళ్లండి. పొద్దున్న పదకొండింటికి ఏ జిమ్ అయినా ప్రశాంతంగానే ఉంటుంది. సాయంత్రం ఏడింటికి, జనం కిక్కిరిసి, ఉక్కపోతకి అద్దాల మీద కూడా చెమట పట్టినప్పుడు చూడాలి.

మొదట ట్రైనర్ కళ్లు ఎక్కడున్నాయో గమనించండి. పక్కన మనిషి బరువు ఎత్తుతుంటే అతని కళ్లు ఆ మనిషి మీదున్నాయా, ఫోన్ మీదా, అద్దంలో తన మీదే ఉన్నాయా? తర్వాత అతను నిలబడే చోటు చూడండి. స్క్వాట్ చేయించేటప్పుడు తెలిసినవాడు ఒకచోట ఉండడు. పక్క నుంచి ఒకసారి నడుము చూస్తాడు, ఎదురుగా వచ్చి మోకాళ్లు చూస్తాడు. పడుకుని డంబెల్స్ ఎత్తేవాళ్లకి సాయం పట్టేటప్పుడు చేతులు మణికట్టు దగ్గర పెడతాడు. మోచేతుల కింద పట్టుకుంటే, చేయి జారిన రోజు డంబెల్ మొహం మీదే పడుతుంది.

ఇంకొకటి: అతని దగ్గరున్న ముగ్గురు మనుషులూ ఒకే పని చేస్తున్నారా? ఇరవై ఏళ్ల కుర్రాడూ, యాభై దాటిన మాస్టారూ ఒకే లెక్కలో బర్పీలు కొడుతుంటే అక్కడ ప్లాన్ ఏమీ లేదు. నేను చివరికి ఎంచుకున్న అబ్బాయిని మొదట గమనించింది అతను బరువు తగ్గించినప్పుడు. ఒకాయన "ఇంకో ఐదు కిలోలు వెయ్యి" అంటుంటే, "సార్, నడుము వంగుతోంది, ఇవాళ్టికి ఇదే" అని ప్లేటు తీసేశాడు. ఆయన మొహం మాడ్చుకున్నాడు. అబ్బాయి పట్టించుకోలేదు.

వచ్చేస్తూ షూ ర్యాక్ దగ్గర ఆగి, అతని దగ్గర చేసేవాళ్లతో రెండు మాటలు మాట్లాడండి. "ఎలా ఉందండీ" అంటే "సూపర్" అంటారు. "ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారు, నొప్పి వచ్చినప్పుడు ఏం చేశారు" అని అడిగితే నిజం బయటికొస్తుంది.

ఒక తేడా కూడా తెలుసుకోండి. జిమ్ ఫీజులోనే వచ్చే జనరల్ ట్రైనర్ ఫ్లోర్ మొత్తానికీ ఒకరిద్దరే ఉంటారు, మిషన్లు ఎలా వాడాలో చూపిస్తారు. పర్సనల్ ట్రైనర్‌కి ఫీజు వేరు, గంటసేపు మీ ఒక్కరికే. ఏ నొప్పులూ లేని, ఇంతకుముందు కసరత్తు అలవాటున్న మనిషికి చాలాసార్లు జనరల్ ట్రైనరే చాలు.

సర్టిఫికెట్లు: ఏది ఏమిటి

డాక్టరుకీ, లాయరుకీ ఉన్నట్టు ట్రైనర్‌కి మన దేశంలో తప్పనిసరి లైసెన్సు లేదు. ఎవరైనా టీషర్టు మీద "కోచ్" అని రాయించుకోవచ్చు. అందుకని చూసుకోవాల్సిన పని మనదే.

జిమ్ ట్రైనర్ల నోట ఎక్కువగా వినిపించేవి ఏసీఈ, నాసమ్, ఇస్సా, ఏసీఎస్ఎమ్, ఎన్ఎస్‌సీఏ. ఇవన్నీ అమెరికా సంస్థలు. వీటిలో ఏసీఈ, నాసమ్, ఏసీఎస్ఎమ్, ఎన్ఎస్‌సీఏల పర్సనల్ ట్రైనర్ పరీక్షలకు ఎన్‌సీసీఏ అనే అక్కడి గుర్తింపు సంస్థ ముద్ర ఉంది. మన దేశంలో ముంబయికి చెందిన కే-11 కోర్సు చేసినవాళ్లు కనిపిస్తారు. స్కిల్ ఇండియా కింద క్రీడలు, ఫిట్‌నెస్‌కి వేరే స్కిల్ కౌన్సిల్ ఉంది, అది ఫిట్‌నెస్ ట్రైనర్ సర్టిఫికెట్ ఇస్తుంది. ఇక బీపీఈడీ, అంటే వ్యాయామ విద్య డిగ్రీ, చదివినవాళ్లకి శరీర శాస్త్రం పునాది ఉంటుంది గానీ ఆ చదువు ముఖ్యంగా పీఈటీ ఉద్యోగం కోసం. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) డిప్లొమా ఉందంటే అతను ఒక క్రీడకి కోచ్. బరువు ఎలా ఎత్తాలో అతని దగ్గర నేర్చుకుంటే బాగుంటుంది, మీ షుగరూ మోకాలూ అతనికి తెలిసి తీరాలని లేదు.

"మిస్టర్ ఆంధ్ర కొట్టాడండీ" అన్నది మనవైపు ఇంకా గట్టిగా పనిచేసే మాట. వింత కాదు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన నేల ఇది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా. విజయనగరం దగ్గర కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ ఊరంతటి ఆట. బలమంటే మనకి గౌరవం. అయితే మెడల్ అతని ఒంటి గురించి చెబుతుంది, మీ ఒంటితో ఏం చేయాలో అతనికి తెలుసని చెప్పదు. మెడల్ ఉన్నవాళ్లలో గొప్ప ట్రైనర్లూ ఉన్నారు, వాళ్లనీ మిగతా అందరినీ అడిగినట్టే అడగండి.

ఎలా సరిచూడాలంటే, సర్టిఫికెట్ ఫోటో వాట్సాప్‌లో పంపమనండి. అందులో మూడు చూడాలి: పేరు, నంబరు, ఎప్పటిదాకా చెల్లుతుందన్నది. ఏసీఈ, నాసమ్ రెండేళ్లకోసారి, ఏసీఎస్ఎమ్, ఎన్ఎస్‌సీఏ మూడేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి. మధ్యలో కొత్త చదువు చదివినట్టు చూపిస్తేనే రెన్యూవల్. 2017లో తీసుకుని గోడకి తగిలించిన కాగితం ఇప్పటికి పాతబడినట్టే. ఆయా సంస్థల వెబ్‌సైట్లలో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఇంకా ఒక మెలిక: పరీక్ష పాసైనట్టు ఇచ్చేది వేరు, రెండు రోజుల వర్క్‌షాప్‌కి వచ్చినందుకు ఇచ్చేది వేరు. రెండూ బంగారు అంచుతోనే ఉంటాయి. కాగితం మీది అక్షరాలు నిదానంగా చదవండి.

సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) సర్టిఫికెట్ తప్పకుండా అడగండి. ఆగిన గుండెకి షాక్ ఇచ్చే ఏఈడీ మిషన్ జిమ్‌లో ఎక్కడుందో కూడా అడగండి. నేను అడిగిన ఒకచోట రిసెప్షన్ అమ్మాయి "అది కార్డియో సెక్షన్‌లో ఉంటుందండీ" అంది. వెళ్లి చూస్తే ఎలిప్టికల్ మిషన్.

కూర్చోబెట్టి అడగాల్సినవి

పది నిమిషాలు చాలు. ఇంటర్వ్యూలా చేయకండి, మన తెలుగులో మామూలుగా అడగండి.

"నాలాంటి మోకాలి నొప్పివాళ్లకి ఇంతకుముందు చేయించారా? వాళ్లకి ఏం చేశారు?" దీనికి కథలా జవాబు రావాలి. "చాలామందికి చేయించాను మేడమ్, టెన్షన్ వద్దు" అంటే జవాబు రానట్టే.

"మొదటి నెల ఏం చేయిస్తారు, ఎందుకు?" ఆ "ఎందుకు" దగ్గర చాలామంది తడబడతారు.

"నాకు నొప్పి వస్తే?" కండ పట్టేసే నొప్పి మామూలే, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువై తగ్గిపోతుంది. కీలులో గుచ్చినట్టు వచ్చే నొప్పి వేరు. ఈ రెండిటికీ తేడా చెప్పి, రెండోదైతే ఆపి ఫిజియో దగ్గరికి పంపుతానన్నవాడు దొరికితే సగం పని అయినట్టే. తానే మసాజ్ చేసి కీలు సరిచేస్తానన్నవాడికి నమస్కారం పెట్టి వచ్చేయండి.

"ఎన్ని కిలోలు తగ్గుతాను?" ఇది వల. వారానికి అర కిలో నుంచి కిలో దాకా అన్నది మామూలుగా చెప్పే లెక్క. నెలకి పది కిలోలు గ్యారంటీ అంటే అతను అమ్మేది ఇంకేదో ఉంది.

ట్రయల్ సెషన్

ఒక సెషన్ చేశాకే ప్యాకేజీ కడతానని ఖచ్చితంగా చెప్పండి. ఉచితంగా ఇవ్వకపోతే ఆ ఒక్కదానికే డబ్బు కట్టండి, నష్టం లేదు.

ప్లేటు తీసేసిన ఆ సన్నటి అబ్బాయి నా ట్రయల్‌కి బరువేమీ ముట్టుకోనివ్వలేదు. నా కాగితం రెండుసార్లు చదివి, "మేడమ్, ఆ బెంచీ మీద కూర్చుని లేవండి, చేతులు ఆనించకుండా" అన్నాడు. ఐదుసార్లు లేచాను. రెండుసార్లు పక్క నుంచి, మూడుసార్లు ఎదుట నేల మీద కూర్చుని చూశాడు.

"ఎడమ కాలు ఎప్పుడైనా మడత పడిందా?"

"లేదే."

"చీలమండ దగ్గర? బాగా పాత దెబ్బయినా?"

అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లి కాకముందు ఇసుకతోట దగ్గర స్కూటీ మీంచి పడి ఇరవై రోజులు కట్టు వేయించుకున్నాను. నా కాగితంలో అది లేదు. అతను రెండున్నర కిలోల ప్లేట్లు రెండు తెచ్చి నా మడమల కింద పెట్టాడు. "ఇప్పుడు లేవండి." మోకాలు ఈసారి లోపలికి వంగలేదు. నాకే తెలుస్తోంది. "చీలమండ బిగుసుకుపోయి మడమ లేస్తోంది, దాని భారం మోకాలు మోస్తోందని నా అనుమానం. ముందు ఫిజియోకి ఒకసారి చూపించండి, వాళ్లు సరేనంటే మొదలుపెడదాం" అని, నోటుబుక్‌లో రాసుకున్నాడు: బెంచీ 45 సెంటీమీటర్లు, మడమ కింద ప్లేటు, 3 సార్లు 8.

అందరికీ ఇదే చీలమండ కథ ఉండదు. మీరు చూడాల్సింది ఆ క్రమం: అడగడం, చూడడం, చిన్న మార్పు చేసి మళ్లీ చూడడం, రాసుకోవడం, తన హద్దు దాటిన చోట ఇంకొకరి దగ్గరికి పంపడం.

ఆడవాళ్లకి ఇక్కడే ఇంకో మాట. పొజిషన్ సరిచేయడానికి ముట్టుకునే ముందు "చేయి పెట్టొచ్చా మేడమ్" అని అడగాలి. మాటతోనో, తాను చేసి చూపించో సరిపోయేదానికి చేయి అక్కర్లేదు. మీకు ఇబ్బందిగా అనిపిస్తే మొహమాటపడకుండా మొదటిసారే చెప్పండి, లేడీ ట్రైనర్ కావాలని అడగండి. మీ ఫోటోలు, వీడియోలు తీసి "ట్రాన్స్‌ఫర్మేషన్" అని పెట్టుకోవడానికి మీ అనుమతి కావాలి, అది ప్యాకేజీ ఫారంలో చిన్న అక్షరాల్లో దూరి ఉందేమో చూసుకోండి.

తిండి, డబ్బాలు, ఇంజెక్షన్లు

ట్రైనర్ తిండి గురించి మామూలు సలహా చెప్పొచ్చు. షుగరుకో, కిడ్నీకో, థైరాయిడ్‌కో డైట్ చార్ట్ రాయడం డైటీషియన్ పని. అందరికీ ఒకే జిరాక్స్ కాగితం, అందులో బ్రోకలీ, ఓట్స్, ఆరు తెల్లసొనలు ఉన్నాయంటే, ఫిషింగ్ హార్బర్ పక్కన బతుకుతూ వంజరం, నెత్తళ్లు తినే మనిషి గురించి అతను ఆలోచించలేదన్నమాట.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఐసీఎంఆర్ తరఫున ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, కండ పెంచడానికి ప్రొటీన్ పౌడర్లు వద్దనీ, మంచి ప్రొటీన్ తిండి నుంచే తెచ్చుకోవాలనీ ఉంది. మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ అన్నది వాళ్ల లెక్క. బరువులెత్తేవాళ్లకి కొంచెం ఎక్కువ కావచ్చు. అయినా మొదటి వారంలోనే డబ్బా కొనమంటే, అది ఎవరి లాభానికో ఆలోచించండి. కొన్నా డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉండాలి, బిల్లు ఉండాలి.

"సైకిల్ వేద్దాం" అన్న మాట వినిపించిందంటే అది స్టెరాయిడ్ల సంగతి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులవి. కాలేజీ కుర్రాళ్ల తల్లిదండ్రులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. అక్కడ ఇంక బేరం లేదు, ఆ రోజే బయటికొచ్చేయండి.

డబ్బు, రసీదు

ప్యాకేజీ ధర చూడకండి, సెషన్‌కి ఎంత పడుతుందో చూడండి. ఉదాహరణకి నెలకి 12 సెషన్లు 6,000 రూపాయలంటే ఒక్కోటి 500. పెళ్లిళ్లు, డ్యూటీలు, పిల్లల పరీక్షలు పోను మీరు ఏడింటికే వెళ్లారనుకోండి, ఒక్కోటి 857 పడింది. అందుకే మిగిలిన సెషన్లు వచ్చే నెలకి జరుగుతాయా అన్నది డిస్కౌంటు కంటే ముఖ్యం.

"ఇవాళే ఆఫర్ ఆఖరి రోజు" అని ఏ జిమ్ అయినా అంటుంది, వచ్చే వారం కూడా అంటుంది. మొదట ఒక్క నెలకే కట్టండి. ట్రైనర్లు జిమ్‌లు మారడం మామూలు, మీరు ఏడాదికి కట్టాక అతను ఎన్ఏడీ దగ్గర ఇంకో జిమ్‌కి వెళ్లిపోతే? ఆ సంగతి రాతలో ఉండాలి: ఎన్ని సెషన్లు, ఎప్పటిలోగా, ట్రైనర్ మారితే ఎవరిస్తారు, ఒంట్లో బాలేకపోతే ఆపి ఉంచుతారా, మిగిలిన డబ్బు వెనక్కి వస్తుందా. డబ్బు జిమ్ ఖాతాకే వెయ్యండి, ట్రైనర్ ఫోన్‌పేకి కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఇంకా పాత లెక్కే ఉంటే అడగండి. గొడవ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మొదటి నెల

ప్రతి సెషన్‌కీ రాత ఉండాలి: ఏం చేశారు, ఎంత బరువు, ఎన్నిసార్లు. రాయని ట్రైనర్ పోయిన వారం ఏం చేయించాడో మర్చిపోతాడు, మీరూ మర్చిపోతారు. కార్డియో చేస్తూ మాట్లాడగలుగుతున్నారా అన్నది మంచి కొలత. మామూలు వేగంలో మాటలు రావాలి, పాట రాకూడదు. ఛాతీలో నొప్పి వస్తే అక్కడికక్కడే ఆపేయాలి, ఆసుపత్రికి వెళ్లాలి. బాగా ఎక్కువ చేసిన మర్నాడో ఆ మర్నాడో కండలు వాచి, మూత్రం కోలా రంగులో వస్తే కూడా అంతే. కండ కరిగి కిడ్నీల మీద పడుతున్న గుర్తు అది, నీళ్లు తాగి ఊరుకునేది కాదు.

నాలుగు వారాలకి కూర్చుని లెక్క చూసుకోండి. వేయింగ్ మిషన్ ఒక్కటే చాలదు. నడుము చుట్టుకొలత తీయండి, మనవాళ్లకి మగవాళ్లయితే 90, ఆడవాళ్లయితే 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. మీ కాగితంలో మొదటి వాక్యానికి ఎంత దగ్గరయ్యారో చూడండి. మార్పేమీ లేకపోతే ఎందుకని అడగండి. "మీరు డైట్ సరిగ్గా చేయట్లేదు మేడమ్" అన్నదొక్కటే ప్రతిసారీ జవాబైతే, నెల అయిపోగానే మారిపోవచ్చు. అలిగి వెళ్లాల్సిన పని లేదు, "కొన్నాళ్లు ఇంకొకరి దగ్గర చేసి చూస్తాను బాబూ" అంటే చాలు.

నా నోటుబుక్‌లో నాలుగో వారం పేజీలో బెంచీ 45 నుంచి 38కి దిగింది. మడమ కింద ప్లేటు అన్నచోట కొట్టివేత. దాని కింద అతని వంకర చేతిరాతలో: సింహాచలం కొండ మెట్లు, తొలిపావంచా నుంచి 200, దిగేటప్పుడు కూడా నొప్పి లేదు.